వాగ్గా

జూలైలో బెండిగో చలికి
మా షాపులో దుప్పట్లకే గిరాకీ.
సింగిల్, డబుల్, క్వీన్, కింగ్.
దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్న సామెత
ఇక్కడ చెల్లదు.
కాళ్ళు బాగా చాపుకున్నాకే వచ్చి
సరిపడే కొలత పట్టుకుపోతారు.

నాది కర్టెన్ల కౌంటరు.
గుడ్డ కొలవడం, కోయడం,
అంచు మడతకని పది సెంటీమీటర్లు ఎక్కువ రాయడం.
సత్యవేణిని కూడా సగానికి కోసి
పేరు బిళ్ళ మీద 'వేణి' అని అచ్చేశారు.

గురువారం, మూసేవేళకి కాస్త ముందు
క్లైవ్ ట్రెంబాత్ అనే పెద్దాయన
చెత్తసంచీలో ఏదో మోసుకొచ్చి బల్ల మీద దించాడు.
"వాగ్గా" అన్నాడు.
ఊరి పేరనుకున్నాను.
ఊరి పేరేనట.
పిండి సంచులు కలిపి కుట్టుకున్న బొంతకి
పిండి వచ్చిన ఊరి పేరే పెట్టుకున్నారట
దుప్పటి కొనలేని వాళ్ళు.

పైన పూల గుడ్డ, వెలిసి టీ రంగుకొచ్చింది.
చిరిగిన అంచులోంచి సంచి,
సంచి మీద సగం అక్షరాలు, సగం కోడిపుంజు.
మా ఇంట్లో బొంతల్లేవు.
నాన్న గూడ్సు గార్డు. మాకు రైల్వే కంబళి,
మూలన నల్ల ముద్ర.
నేనూ రైల్వే సొత్తునే అనుకునేదాన్ని చాలా ఏళ్ళు.

"సగానికి కోసిపెట్టు" అన్నాడు.
ఇద్దరు కూతుళ్ళు. ఒకరితో ఒకరికి మాటల్లేవు.
పెద్దామె ఉండేది డార్విన్‌లో.
ఆ ఎండల్లో బొంతెందుకని నేను అడగలేదు.

పెద్ద కత్తెర నాలుగు వేళ్ళ దూరం నడిచి
ఆగిపోయింది. లోపల ఏదో దళసరి.
కుట్టు విప్పాను. గోనెసూదితో వేసిన
పొడుగు పొడుగు టాకాలు, మైనం దారం.

దూది లేదు.
ముందుగా ఒక ఖాకీ చెయ్యి బయటికొచ్చింది.
చొక్కాది. భుజం దగ్గర కోసేసింది,
మణికట్టు దగ్గర బొత్తాం వేలాడుతోంది.
తర్వాత నీలం చారలది.
తర్వాత ఉన్ని కోటుది. మోచేతి దగ్గర అతుకు.
తర్వాత నల్లది, పట్టు అస్తరుతో,
పెళ్ళిదే అయ్యుండాలి.
చేతుల్ని విప్పి పరచలేదు ఆమె.
చేతులుగానే పడుకోబెట్టింది, పక్కపక్కన.

చంక వంపు చూస్తే ఏ వైపుదో తెలిసిపోతుంది
కత్తెర పట్టిన వాళ్ళకి.
అన్నీ ఎడమవే.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.
"నాన్నకి ఎడమ చెయ్యి లేదు.
మిల్లు బెల్టు లాగేసుకుంది, నేను పుట్టకముందు."
సంచి మీది కోడి ఒంటికన్నుతో చూస్తోంది.
"అదే మిల్లు" అన్నాడు.

చొక్కా భుజాలు అమ్మ నున్నగా మూసి కుట్టేదట.
తీసేసిన చేతులేమయ్యాయని
ఇంట్లో ఎవ్వరూ అడగలేదట.

గంతకు తగ్గ బొంత అని
మొగుడూ పెళ్ళాల్ని ఎకసెక్కమాడుతూ పెరిగాను.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
ఈ ఇద్దరికీ దాన్ని
ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక మింగేశాను.

ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.
పదకొండు.
ఇద్దరికీ ఎలా పంచాలని
నన్నడిగాడో, కోడిపుంజునడిగాడో.
కాసేపాగి, "నేనూ అన్నయ్యా దీని కిందే పడుకునేవాళ్ళం.
బరువుండేది. కదలనిచ్చేది కాదు" అన్నాడు.

పైన మైకులో ఎవరో
రెండు దిండ్లకి ఒకటి ఉచితమన్నారు.
పది నిమిషాల్లో మూసేస్తున్నామన్నారు.

చేతులన్నీ వచ్చిన వరసకి తిరగేసి పెట్టాను,
నల్లది ముందు, ఖాకీ ఆఖర్న.
నా కత్తెర గాటు కూడా కలిపి కుట్టాను,
మెషీను మీద కాదు,
ఆమె వేసినంత పొడుగు టాకాలే,
కొంచెం వంకర పోయాయి.
బిల్లు కొట్టబోతే మెషీను వస్తువు పేరు అడిగింది.
'కర్టెను అంచు, ఒకటి' అన్నాను.
ఆరు డాలర్లు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
చెత్తసంచీ వద్దని,
బొంతని భుజాన వేసుకుని ట్రాము వైపు వెళ్ళాడు.
కోయించుకోడానికి ఇంకో షాపు వెతుక్కుంటాడేమో,
తెలీదు. ఫోన్ నంబరు రాసుకోలేదు నేను.

బల్ల ఊడుస్తుంటే ఖాకీ బొత్తాం దొరికింది.
పేరు బిళ్ళ వెనక పిన్నుకి ఎక్కించి ఉంచాను.
వంగినప్పుడల్లా
కొంచెం గుచ్చుకుంటుంది.